చాక్లెట్ డబ్బా, పండగ కూలీ

పడమటి మాటలు – 23



డిసెంబర్ వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం మెసేజ్ తిరగడం మొదలవుతుంది. పండగ రోజుల్లో కూడా ఇంటికి పోకుండా ఎయిర్‌పోర్టులో నిలబడి పనిచేసే సెక్యూరిటీ వాళ్ల మీద దయ చూపండి, నవ్వుతూ పలకరించండి, వీలైతే ఒక చాక్లెట్ డబ్బా చేతిలో పెట్టండి అని. కింద దండం పెట్టే బొమ్మ. సంక్రాంతి దాకా ఇదే నడుస్తుంది. పంపేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం పల్లెల నుంచి చదువుకుని, వాళ్ల వంశంలో మొదటిసారి విమానం ఎక్కిన పిల్లలు. వాళ్ల మనసు మంచిదే. అందుకే ఈ వ్యాసం వాళ్ల కోసమే రాస్తున్నా.

పలకరించడం మీద నాకు పేచీ లేదు. నా పేచీ అంతా 'దయ' అన్న మాటతోనే.

అసలు మర్యాద పాఠం ఎవరికి చెప్తున్నారు? గేటు దగ్గర ఐడీ కార్డు అడిగితే "నేనెవరో తెలుసా" అనేది మన పిల్లలు కాదు. 2017లో విశాఖ ఎయిర్‌పోర్టులో ఎయిర్‌లైన్స్ ఉద్యోగుల మీద వీరంగం వేసింది మన రాష్ట్రం ఎంపీ ఒకాయన. అదే ఏడాది ఢిల్లీలో ఎయిరిండియా ఉద్యోగిని చెప్పుతో కొట్టింది మహారాష్ట్ర ఎంపీ. మొదటిసారి విమానం ఎక్కే మాదిగ పిల్ల, మాల పిల్లగాడు బెల్టు తీయమంటే బెల్టు, బూట్లు తీయమంటే బూట్లు తీసి, ఏమన్నా తప్పు చేశామా అని బిక్కుబిక్కుమంటూ నిలబడతారు. మనకు గార్డుని చూస్తే భయమే గాని లోకువ లేదు.

సరే, ఇప్పుడు ఆ గార్డు ఎవరో చూద్దాం. ఎయిర్‌పోర్టులో 'సెక్యూరిటీ' అని మనం ఒకే మాట అంటాం గాని అక్కడ రెండు లోకాలు ఉన్నాయి. తుపాకీ పట్టుకుని, మన ఒళ్లు తడిమి, బ్యాగు తెరిపించేది సీఐఎస్ఎఫ్. కేంద్ర బలగం. 1999 డిసెంబర్‌లో కాందహార్ హైజాక్ జరిగాక, 2000 నుంచి ఎయిర్‌పోర్టులు ఒక్కొక్కటిగా వాళ్ల చేతికి వచ్చాయి. అది సర్కారు ఉద్యోగం. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ ఉంది. జీతం ఒకటో తారీకుకి పడుతుంది. చాక్లెట్ డబ్బా ఇస్తే ఆ జవాను తీసుకోడు, తీసుకోకూడదు కూడా. రెండో లోకం బయట ఉంటుంది. కార్లు ఆగే చోట విజిల్ వేసే మనిషి, క్యూ సరిచేసే మనిషి, ట్రాలీలు నెట్టే మనిషి, బాత్రూం కడిగే ఆడమనిషి. వీళ్లు ఏజెన్సీ మనుషులు. ఇక్కడ రిజర్వేషన్ లేదు. అయినా యాడ చూసినా మనోళ్లే కనపడతారు. రిజర్వేషన్ అడగకుండానే మనకు నూటికి నూరు సీట్లు ఇచ్చే పనులు ఈ దేశంలో కొన్ని ఉన్నాయి గదా.

ఈ రెండు లోకాల మధ్య గోడ ఇప్పుడు జరుగుతోంది. 2022లో కేంద్రం 50 ఎయిర్‌పోర్టుల్లో 3,049 సీఐఎస్ఎఫ్ పోస్టులు రద్దు చేసి, వాటి బదులు 1,924 మంది ప్రైవేటు గార్డులను పెట్టుకోవాలని తేల్చింది. క్యూ చూసుకునే పనికి తుపాకీ మనిషి ఎందుకని వాళ్ల వాదం. వినడానికి బానే ఉంటుంది. కానీ మన ఊళ్లలో తెల్లారుజామున నాలుగింటికి లేచి రోడ్ల మీద పరుగెత్తే పిల్లల్ని చూశారా? 24 నిమిషాల్లో ఐదు కిలోమీటర్లు. కానిస్టేబుల్ జీడీ పరీక్షకు అది. వర్షం పడని నేల మీద, వెలిగొండ నీళ్లు ఇదిగో అదిగో అని 1996 శంకుస్థాపన నుంచి వింటున్న ఇళ్లలో, ఆ పరుగు ఒక్కటే వాళ్లకున్న సేద్యం. ఒక్కో పోస్టు రద్దయినప్పుడల్లా ఆ పిల్లల్లో ఒకరు యూనిఫాం రంగు మార్చుకుని ఏజెన్సీ గేటు దగ్గరికి పోతారు. అప్పుడు మనం పండక్కి వాళ్ల చేతిలో చాక్లెట్ డబ్బా పెడతామా?

డబ్బుల్లేక ఇలా చేస్తున్నారని ఎవరన్నా అంటే మీ టికెట్ తీసి చూడండి. ఏవియేషన్ సెక్యూరిటీ ఫీజు అని ఒక లైను ఉంటుంది. 2021 ఏప్రిల్‌లో దాన్ని దేశం లోపల ప్రయాణానికి 200 రూపాయలు చేశారు, విదేశానికైతే 12 డాలర్లు. టికెట్ కొన్న ప్రతి ఒక్కరూ భద్రత ఖర్చు ముందే కట్టేశారు. కట్టిన డబ్బుకి లెక్క అడగడం మన హక్కు.

మొన్న డిసెంబర్ 24 రాత్రి, జనవరి సెమిస్టర్‌కి అమెరికా పోతున్న మా పల్లె పిల్లగాణ్ణి సాగనంపడానికి ఒక పెద్ద ఎయిర్‌పోర్టుకి పోయాను. పల్లె అంతా రెండు కార్లలో వచ్చింది, మనోళ్ల సంగతి తెలుసు గదా. "కారు తీయండి, తీయండి" అంటున్న గార్డు గొంతులో మన యాస వినపడింది. "ఏ ఊరన్నా మనది?" అన్నా. "కొమరోలు కాడ" అన్నాడు. నలభై దాటిన మనిషి. తెల్లారితే పండగ గదా, పోలేదా అంటే, "సెలవడిగితే పని మానుకుని పొమ్మన్నారు సార్" అన్నాడు. పన్నెండు గంటల డ్యూటీ. పండగ రోజుకి ఎక్కువ కూలీ ఏమన్నా ఇస్తారా అంటే నవ్వాడు. ఊళ్లో చర్చిలో కూతురు డ్రామాలో మరియమ్మ వేషం వేసిందని, ఫోన్లో వీడియో చూశానని చెప్పాడు. ఎవరో ప్రయాణికురాలు ఇచ్చిన ప్లమ్ కేకు ముక్క కాయితంలో చుట్టి బారికేడ్ పక్కన పెట్టి ఉంది. నిలబడి తినకూడదట, కూర్చోను కుర్చీ లేదు. ఆమె దయ చూపింది. ఆ దయ తినడానికి కూడా అతనికి తీరిక లేదు.

గేటు దగ్గర మనిషి, చేతిలో పండగ పూట పెట్టిన తినుబండారం. ఈ బొమ్మ మీకు ఎక్కడా చూసినట్టు లేదా? మన తాతల్ని అడగండి. ఊరికి కావలి, కబురు మోయడం, చచ్చిన గొడ్డుని లాగడం, డప్పు కొట్టడం. రాత్రీ పగలూ పనే. దానికి కళ్లంలో మేర, పండగ నాడు ఇంటింటికీ పోతే గిన్నెలో ఇంత పులిహోర, రెండు అరిసెలు. పెట్టే ఇల్లాలు చాలాసార్లు మంచిదే. ప్రేమగానే పెట్టేది, పైనించి వేసేది. ఆ అరిసె కూలీ కాదు గనక, పెట్టకపోతే అడగడానికి లేదు. పెట్టినందుకు ఏడాది పొడుగునా తల వంచాలి. మహారాష్ట్రలో మహర్లకు ఇదే పని, వాళ్ల మేర పేరు బలుతా. 1928లో బాబాసాహెబ్ బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ మీద బిల్లు పెట్టి అడిగింది ఏమిటి? మహర్లకు పండగ పూట ఇంకొంచెం ఎక్కువ పెట్టండి అనా? వాళ్ల పనికి హద్దు గీయమన్నాడు, ధాన్యం బదులు డబ్బు ఇప్పించమన్నాడు. తర్వాత వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉండగా, ఫ్యాక్టరీ కార్మికులకు వేతనంతో సెలవు 1945లో చట్టంలోకి వచ్చింది. జీతం తెగకుండా పండక్కి ఇంటికి పోయే ప్రతి బాబూ, కుల తేడా లేకుండా, ఆయనకు బాకీ.

మన ప్రాంతంలోనే ఇంకా వెనక్కి పోదాం. 1876–78 కరువు. పల్లెలకు పల్లెలు తుడిచిపెట్టుకుపోతుంటే ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర గంజి కేంద్రం తెరిచి ఊరుకోలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, మాదిగల్ని పనిలోకి పిలిచి, పనికి కూలీ ఇచ్చాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక, 1878 జులై 3న, మన కంభం చెరువు నింపే గుండ్లకమ్మలోనే దిగువన, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది మునిగి లేచారు. క్లౌ పద్ధతుల మీద నాకు వేరే తగాదాలు ఉన్నాయి, అవి ఇంకోసారి. కానీ ఆకలితో ఉన్న మనిషికి బిచ్చం వేయడానికీ కూలీ లెక్కగట్టి ఇవ్వడానికీ తేడా ఆయనకు తెలుసు. ఆ కూలీ తీసుకున్న వాళ్ల మునిమనవలే ఇప్పుడు క్రిస్మస్ రాత్రి బారికేడ్ల పక్కన నిలబడి ఉన్నారు.

దయ ఎక్కడి దాకా పోతుందో అమెరికా చూపించింది. 2018 డిసెంబర్ 22 నుంచి 2019 జనవరి 25 దాకా, 35 రోజులు, అక్కడ ప్రభుత్వం మూతపడింది. సరిగ్గా క్రిస్మస్ సీజన్. ఎయిర్‌పోర్టుల్లో బ్యాగులు తనిఖీ చేసే టీఎస్ఏ ఉద్యోగులు జీతం లేకుండా డ్యూటీకి వచ్చారు. జనం తిండి సామాను తెచ్చి ఇచ్చారు. కెనడాలో విమానాలకు దారి చూపే కంట్రోలర్లు అమెరికా కంట్రోలర్లకు పిజ్జాలు పంపారు. మంచి మనుషులు, కాదనను. కానీ పిజ్జా తింటే ఇంటి అద్దె తీరదు గదా. వందల మంది సెలవు చీటీలు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. జనవరి 25న కంట్రోలర్లు చాలక న్యూయార్క్ లాగార్డియాకి విమానాలు ఆగాయి. ప్రభుత్వం తలుపులు అదే రోజు తెరుచుకున్నాయి.

ఇంకో మాట. ఈ దయ మెసేజ్ ఎయిర్‌పోర్టు గార్డు గురించే ఎందుకు వస్తుంది? మార్కాపురం బస్టాండులో భోగి రోజు తెల్లారి చీపురు పట్టుకున్న ఆమె గురించి ఎందుకు రాదు? హైదరాబాద్ బస్సులన్నీ వచ్చి పడి, జనమంతా పూల దండలతో, బ్యాగులతో దిగిపోతుంటే ఆమె అరటి తొక్కలు ఎత్తుతూ ఉంటుంది. మన పడమటి ప్రకాశానికి దొనకొండలో బ్రిటిషోళ్లు యుద్ధకాలంలో వేసిన రన్‌వే తప్ప ఎయిర్‌పోర్టు లేదు. దయ కూడా విమానం దిగిన చోటే ఆగిపోతే మన దాకా ఎప్పుడొస్తుంది?

మన రాష్ట్రంలో జాతీయ, పండగ సెలవుల చట్టం 1974 నుంచి ఉంది. సెలవు నాడు పని చేయిస్తే రెట్టింపు కూలీ ఇవ్వాలి, లేదా ఆ రోజు కూలీ ఇచ్చి మరో రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. ఫ్యాక్టరీలకీ దుకాణాలకీ రాసుకున్న ఈ మాట, యూనిఫాం ఏజెన్సీది అయ్యేసరికి ఎక్కడ మాయమవుతోంది? అడగాల్సింది అది.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఎయిర్‌పోర్టులో కనపడితే అన్నా అనండి, అక్కా అనండి, మన ఊరి పేరు చెప్పి మాట కలపండి. కేకు ఉంటే పెట్టండి, ఎవరొద్దన్నారు. దానికి దయ అని పేరు పెట్టి ఫోటో తీసి తిప్పొద్దు, అంతే. అంతకన్నా ముందు మీ కాలేజీ గేటు దగ్గర, మీ హాస్టల్లో, మీ ఊరి ఆసుపత్రిలో ఏజెన్సీ కింద పనిచేసే మనిషిని నాలుగు అడగండి. రోజుకి ఎన్ని గంటలు? పీఎఫ్ నంబర్ చేతికి ఇచ్చారా? పోయిన పండక్కి పని చేస్తే ఎంత ఇచ్చారు? సెలవు అడిగితే ఏమన్నారు? వాళ్ల పేరు ఎక్కడా బయట పెట్టొద్దు, ఉన్న పని పోతుంది. జవాబులు మాత్రం కాయితం మీద రాసుకుని సంక్రాంతికి వచ్చేటప్పుడు తెండి. కనుమ మర్నాడు మార్కాపురంలో కూర్చుందాం. లేబర్ ఆఫీసుకి అర్జీ ఎలా రాయాలో నేను చెప్తా, రాసేది మీరు.