డబ్బాల వెనక అమ్మ

సరుకు అయిపోయినా డబ్బా పారేయబుద్ధి కాదు కొందరికి. డాల్డా డబ్బాలో మన్ను పోసి తులసి మొక్క పెంచిన ఇళ్లున్నాయి. హార్లిక్స్ సీసాలో మెంతులు పోసుకున్న ఇళ్లున్నాయి. అయినా ఆ డబ్బా మీద ఏ రంగులుండేవో చెప్పమంటే చప్పున గుర్తురావు. రోజూ కళ్లముందుండే వస్తువు మీద చూపు నిలవదు మరి.

అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ చూపు మాత్రం నిలిచింది. 1962 జులైలో లాస్ ఏంజెలెస్‌లోని ఫెరస్ గ్యాలరీలో ఆయన 32 బొమ్మలు పెట్టారు. అన్నీ క్యాంప్‌బెల్ కంపెనీ సూపు డబ్బాలే. ఒక్కో రుచికి ఒక్కో బొమ్మ. కిరాణా కొట్లో సర్దినట్టు వాటిని గోడ వెంబడి సన్నటి అర మీద నిలబెట్టారు. దగ్గర్లోని మరో గ్యాలరీవాళ్లు అసలు డబ్బాలనే పేర్చి, మా దగ్గర ఇంకా చవకని వేళాకోళమాడారు. బొమ్మ వంద డాలర్లన్నా కొనడానికి ముందుకొచ్చింది కొద్దిమందే. గ్యాలరీ నడిపే ఇర్వింగ్ బ్లమ్‌కు మాత్రం వాటిని విడదీయడానికి మనసొప్పలేదు. అన్నీ కలిపి వెయ్యి డాలర్లకు, నెలకు వంద చొప్పున వాయిదాల మీద తానే కొనుక్కున్నారు. ఇప్పుడవి న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంలో ఉన్నాయి.

యంత్రాల యుగానికి అవి గుర్తులంటారు విమర్శకులు. కావచ్చు. నాకు మాత్రం ఆ డబ్బాల వెనక ఒక అమ్మ కనిపిస్తుంది. ఆండీ వాళ్లమ్మ, జూలియా వార్హోలా. ఇప్పటి స్లొవేకియా ప్రాంతం నుంచి పిట్స్‌బర్గ్‌కు వలస వచ్చిన పేద కుటుంబం వాళ్లది. ఖాళీ పండ్ల డబ్బాల రేకు కత్తిరించి, పూలు చేసి అమ్మేవారామె. జబ్బుచేసి మంచాన పడ్డ చిన్నారి ఆండీ ఒక పేజీకి రంగులు వేస్తే ఒక చాక్లెట్ ఇచ్చేవారు. 1942లో భర్త పోయారు. ఇరవై ఏళ్లపాటు రోజూ మధ్యాహ్నం ఆ సూపే తాగానని ఆండీ తర్వాతెప్పుడో చెప్పారు. కంపెనీకి అది సరుకు. ఆ ఇంట్లో అది పూట గడవడం.

ఆ 32 బొమ్మలూ చేత్తో వేసినవే. దూరం నుంచి అచ్చు గుద్దినట్టున్నా, దగ్గరికెళితే చేతి జాడ తెలుస్తుంది. ఇంత ఓపిగ్గా ఒకే డబ్బాను మళ్లీ మళ్లీ గీసిన మనిషికి దాని మీద మమకారం లేదంటే నమ్మలేను.

కొడుకు న్యూయార్క్‌లో స్థిరపడ్డాక జూలియా అక్కడికే వెళ్లి, దాదాపు ఇరవై ఏళ్లు ఆయనతోనే ఉన్నారు. ఆమె చేతిరాత ఆండీకి ఎంతో ఇష్టం. తన బొమ్మలకు అక్షరాలు ఆమె చేతే రాయించుకునేవారు. కొన్నింటి మీద కొడుకు సంతకం కూడా ఆమే పెట్టారు.