ఎయిర్‌బ్యాగులును, టైరులలోని గాలియు

మోటారుకారు కొనబోవువాడు నేడు ముందుగా అడుగు ప్రశ్న ‘ఎయిర్‌బ్యాగు లెన్ని?’ అని. మంచిదే. మన దేశమున 2019 జూలైనుండి డ్రైవరునకును, 2021లో ప్రక్కవానికిని క్రొత్త కార్లలో అవి నిర్బంధము లయ్యెను. ఆరింటిని తప్పనిసరి చేయుదమని 2022లో ప్రభుత్వము ముసాయిదా ప్రకటించి, మరుసటి యేట ఆ సంకల్పమును విడిచెను. ఈ వాదప్రతివాదము లన్నియు ప్రమాదము జరిగిన పిమ్మట పనిచేయు సాధనమును గూర్చినవే. ముందుగా హెచ్చరించు సాధనము మాట యేమి?

టైరులో గాలి తగ్గినకొలది దాని ప్రక్కలు మితిమీరి వంగుచు వేడెక్కును; బరువుతో, వేగముతో, మండుటెండలో పోవునపుడు తుదకు పగులును. అమెరికాలో ఫైర్‌స్టోన్ టైరుల పొరలు విడిపోయి, ఫోర్డు ఎక్స్‌ప్లోరర్ బండ్లు బోల్తాపడి అనేకులు మరణింపగా 2000లో శాసనము చేసిరి. 2007 సెప్టెంబరునుండి అచ్చటి క్రొత్త కార్లన్నిటను, టైరులో నిర్ణీతపీడనము నాలుగవవంతు తగ్గినచో డ్రైవరు నెదుట దీపము వెలిగితీరవలెను. మన దేశమున 2020లో వచ్చిన సవరణ వింతయైనది: అట్టి యంత్రమును, పంక్చరు సామగ్రియు నున్నచో అదనపు చక్రము లేకున్నను చెల్లునట! అచ్చట నిర్బంధమైనది ఇచ్చట తయారీదారులకు మినహాయింపుగా పరిణమించెను.

యంత్రమును సర్వజ్ఞము కాదు. చక్రముల వేగభేదమును బట్టి గ్రహించు రకము, నాలుగు టైరులును సమముగా తగ్గినచో మోసపోవచ్చును. నెలకొకసారి, బండి నడుపకమునుపు, గేజి పెట్టి చూచుట తప్పదు. ఎయిర్‌బ్యాగైనను బెల్టునకు తోడేగాని బదులు కాదు. సెకనులో ఇరువదవవంతు కాలములోనే ఉబ్బు నా సంచి, బెల్టులేక ముందునకు తూలినవానిని రక్షించుటకు మారుగా గాయపరచవచ్చును. అయినను బెల్టు హెచ్చరిక మ్రోత నణచు బిళ్లలను కొని తగిలించుకొను విద్యావంతులు మనలో కలరు. వారి మూర్ఖతకు ప్రభుత్వము పూచీ వహింపజాలదు. టైరు దీపమును క్రొత్త కార్లన్నిటను ఏల విధింపలేదో మాత్రము చెప్పవలసియున్నది.