మాత్రల లెక్క, ఎలుకల లెక్క

మహారాష్ట్ర శాసనసభలో 2018 మార్చిలో జరిగిన ఒక చర్చ రాజధానిలోని పత్రికా రచయితలకు కొన్నాళ్లపాటు వినోదం కలిగించింది. బొంబాయి సచివాలయంలో, అనగా మంత్రాలయ భవనంలో, ఏడు రోజుల వ్యవధిలో 3,19,400 ఎలుకలను సంహరించినట్లు కాంట్రాక్టరు లెక్క చూపాడని అధికార పక్షానికే చెందిన మాజీ మంత్రి ఏకనాథ్ ఖడ్సే సభలో ఆరోపించారు. రోజుకు 45 వేలకు పైగా, రాత్రింబవళ్లు పని చేశారనుకున్నా నిమిషానికి ముప్పయికి పైగా అన్నమాట. అదే నగరంలో పురపాలక సంస్థ ఎలుకల సిబ్బందికి మనిషికి రాత్రికి 30 ఎలుకలని కోటా వుండేది. ఆ సంఖ్య ఎలుకలది కాదని, భవనంలో వుంచిన విషపు మాత్రలదని ప్రభుత్వ వర్గాలు పిమ్మట వివరణ ఇచ్చాయి. నవ్వుకున్నవారు నవ్వుకున్నారు, వ్యవహారం అంతటితో సద్దుమణిగింది.

నాకు మాత్రం ఆరోపణ కంటె వివరణే గంభీరమైనదిగా తోచింది. ఎన్ని మాత్రలు పెట్టారో ప్రభుత్వానికి తెలుసు. ఎన్ని ఎలుకలు చచ్చాయో తెలియదు. తెలియవలసిన అవసరం కూడా కాంట్రాక్టులో లేదు. ఇది ఒక్క బొంబాయికి పరిమితమైన జబ్బు కాదు. ఉత్తర రైల్వేలోని లక్నో డివిజన్ మూడేళ్లలో 69 లక్షల 50 వేల రూపాయలు వెచ్చించి 168 ఎలుకలను పట్టినట్లు 2023లో సమాచార హక్కు చట్టం ద్వారా వెల్లడైంది. తల ఒక్కింటికి 41 వేల రూపాయల చొప్పున పడింది. ఆ లెక్క అపార్థాలకు తావిస్తున్నదని, ఖర్చు వేలాది బోగీలలో ఎలుకల నివారణకు అయిందని, బోగీకి వంద రూపాయలు కూడా పడలేదని రైల్వేవారు సమాధానం చెప్పారు. కావచ్చు. అయినా ఇక్కడ కూడా లెక్క బోగీలదే గాని, ఎలుకలది కాదని పాఠకులు గమనించే వుంటారు.

ఈ నేపథ్యంలో, ఇంటి వంటగదిలో తిరిగే చిట్టెలుకకు చెక్క ముక్క మీద ఉక్కు తీగ బిగించిన ఆ పాతకాలపు బోనును మించిన సాధనం లేదని నేను వాదించబోతున్నాను. దేశ రాజకీయాలు రాయవలసిన శీర్షికలో ఈ సంగతేమిటని కొందరు మిత్రులు విసుక్కోవచ్చు. వారికి సమాధానం కొంచెం తరువాత చెబుతాను.

ఈ బోనుకు వయస్సు నూరేళ్లు దాటి చాలా కాలమైంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన విలియం హూకర్ 1894లో దీనికి పేటెంటు పొందాడు. మరి కొద్ది సంవత్సరాలకే ఇంగ్లండులోని లీడ్స్ పట్టణవాసి జేమ్స్ ఆట్కిన్సన్ తన నమూనాను తయారు చేశాడు. ఆ తరువాత ఎలుకల బోనులకు అమెరికాలో ఇచ్చిన పేటెంట్లు వేల సంఖ్యలో వున్నాయి. వాటిలో అంగడికెక్కి నిలిచినవి అతి స్వల్పం. పళ్లెంలాంటి చిన్న మీట, దాన్ని ఒరుసుకుని నిలిచే కొక్కెం, బిగించిన స్ప్రింగు, వాలిపడే కమ్మీ – ఈ నాలుగింటికి అదనంగా చేర్చవలసిందేదీ లేకపోయింది. ఇది సరిగా పని చేసినప్పుడు కమ్మీ మెడ మీద పడుతుంది; మరణం క్షణాల మీద సంభవిస్తుంది. పొద్దున చూస్తే ఎలుక పడిందో లేదో కంటికి కనిపిస్తుంది. మంత్రాలయం లెక్కలలో లోపించింది సరిగ్గా ఇదే.

బోను పని చేయడం లేదని చెప్పేవారిలో చాలామంది దాన్ని పెట్టే తీరు తెలియనివారే. సాధారణంగా మనవాళ్లు ఒక్క బోను కొని, దాన్ని వంటగది నడిమధ్య పెట్టి, ఇంత కొబ్బరి చెక్క తగిలించి నిద్రపోతారు. చిట్టెలుక నట్టింట తిరగదు. మీసాలు గోడకు తగిలేటట్లు గోడ వెంట, సామాను వెనుక పరుగు తీస్తుంది. కనుక బోనును గోడకు అడ్డంగా, ఎర వున్న మీట గోడవైపుకు వుండేటట్లు అమర్చాలి. ఎర శనగగింజంత చాలు. పెద్ద ముక్క పెడితే మీట కదలకుండా కొరుక్కుపోతుంది. పాశ్చాత్యులు వేరుశనగ ముద్ద పూస్తారు. మన ఇళ్లలో కాల్చిన ఎండుకొబ్బరి తునకో, మొన్నటి పకోడీ ముక్కో దారంతో మీటకు కట్టితే అంతకు తీసిపోదు. అన్నింటికంటె ముఖ్యం, ఒక్కటి కాక అయిదారు బోనులు ఒకే రాత్రి పెట్టడం. చిట్టెలుక సంచారం గూటికి కొద్ది మీటర్ల దూరంలోనే వుంటుంది. రెండు మూడు మీటర్లకొక బోను లేకపోతే దాని దారికి అడ్డు తగలదు. ఆడ ఎలుక మూడు వారాలకొకసారి అయిదారు పిల్లలను పెట్టగలదు. ఆ పిల్లలు నెలన్నర తిరిగేసరికి తామూ ఈతకు వస్తాయి. వారానికొకటి చొప్పున పట్టేవాడు ఆ లెక్కతో పోటీ పడలేడు. పెద్ద ఎలుక కొత్త వస్తువును చూసి రోజుల తరబడి జంకుతుంది గాని, చిట్టెలుకకు కుతూహలం ఎక్కువ. మూడు రాత్రులలో పడకపోతే తప్పు బోనుది కాదు, స్థలానిది, మార్చి చూడాలి.

పందికొక్కు విషయం వేరు. ఇంగ్లీషువారు తమ నిఘంటువులోకి మన తెలుగు మాటనే 'బాండికూట్' అని పట్టుకుపోయారు. దాన్ని పట్టే శక్తి ఈ చిన్న చెక్కకు లేదు.

ఢిల్లీలో మా పేటవాసులు ఎక్కువగా వాడేది తీగలతో అల్లిన పెట్టె బోను. జీవహింస ఇష్టం లేని సజ్జనులు తెల్లవారుజామున ఆ పెట్టెను స్కూటరు మీద పెట్టుకుని పక్క కాలనీ పార్కుకు తీసుకుపోయి తలుపు తెరుస్తారు. పక్క కాలనీవారు తమ పెట్టెలను ఎక్కడ తెరుస్తారో నేను చెప్పనక్కరలేదు. వినాయకుని వాహనాన్ని చంపడమేమిటని మా శ్రీమతి కూడా మొదట్లో అభ్యంతరం చెప్పింది. బియ్యం డబ్బా మూత కొరికిన మరునాడు ఆ అభ్యంతరాన్ని తనంతట తానే ఉపసంహరించుకున్నది. భక్తిని నేను పరిహసించడం లేదు. బికనీరు సమీపంలోని దేశనోక్‌లో కర్ణీమాత ఆలయంలో వేలాది ఎలుకలు నైవేద్యం ఆరగిస్తూ తిరుగాడుతున్నాయి. అది ఆ ప్రజల విశ్వాసం. కాని పరాయి చోట వదిలిన చిట్టెలుక ఆకలికో పిల్లికో బలి కావడమే తరచు జరిగేది. మన కళ్లెదుట చావకపోవడం దయ అనిపించుకోదు.

జిగురు అట్టల సంగతి ఇంకా ఘోరం. వాటికి అంటుకున్న ప్రాణి గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి పెనుగులాడి చస్తుంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టాన్ని పురస్కరించుకుని భారత జంతు సంక్షేమ బోర్డు 2011లో ఒకసారి, 2020లో మరొకసారి రాష్ట్రాలకు సూచనలు పంపింది. పలు రాష్ట్రాలు నిషేధపు ఉత్తర్వులు వెలువరించాయి. బ్రిటన్ పార్లమెంటు 2022లో ఏకంగా ఒక చట్టమే చేసింది. మా పేటలోని హార్డువేరు దుకాణంలో ఆ అట్టలు ఇప్పటికీ గల్లాపెట్టె పక్కనే వుంటాయి. అడిగితే చెక్క బోను మాత్రం లోపలి నుంచి దుమ్ము దులిపి తేవాలి.

ఇక మందు. రక్తం గడ్డకట్టకుండా చేసే బిళ్లలు తిన్న ఎలుక చచ్చేందుకు రోజులు పడుతుంది. ఈలోగా అది అటక మీదకో, గోడ సందులోకో చేరి అక్కడ కుళ్లుతుంది. లేదా గుడ్లగూబ, పిల్లి తింటే విషం వాటికీ సంక్రమిస్తుంది. ఎలుకలను తినే జీవులను చంపి ఎలుకలను తగ్గించాలనుకోవడం విచిత్రమైన విధానం. వీటన్నింటినీ మించిన ప్రమాదం పసుపు భాస్వరం కలిసిన పేస్టు. దానికి విరుగుడు లేదు. పళ్లు తోముకునే పేస్టులాంటి గొట్టంలో వచ్చే ఆ పదార్థాన్ని చిన్నపిల్లలు పొరపాటున నోట పెట్టుకుని కాలేయం చెడి మరణించిన ఉదంతాలను మన వైద్యులు పదే పదే నమోదు చేశారు. తమిళనాడు ఇటీవలి సంవత్సరాలలో దీనిపై చర్యకు పూనుకున్నది. ఇటువంటి సందర్భాలలో రాష్ట్రాల చేతులు ఎంత పొట్టివో తెలియాలంటే 1968 నాటి క్రిమిసంహారకాల చట్టంలోని 27వ సెక్షను చూడాలి. ప్రమాదకరమైన మందు అమ్మకాన్ని రాష్ట్రం ఆపగలిగేది 60 రోజులు. దర్యాప్తు పూర్తి కాకపోతే మరో 30 రోజులు. ఆపైన నిర్ణయం ఢిల్లీది. ఆ చట్టం స్థానే కొత్తది తేవాలని 2008లో ఒక బిల్లు, 2020లో మరొక బిల్లు రాజ్యసభలో ప్రవేశించాయి. రెండవది మరుసటి ఏడు స్థాయీ సంఘం ముందుకు వెళ్లింది. దేశమంతటికీ సంబంధించిన విషాల వ్యవహారం మీద ఆ సభలో జరిగిన చర్చ, క్రికెట్ పోటీల మీద జరిగినదాని కంటె ఎక్కువేమీ కాదని గ్యాలరీలో కూర్చున్నవాడిగా నా అభిప్రాయం.

ఎలుకకూ రాజకీయానికీ సంబంధమేమిటని అడిగిన మిత్రులకు మిజోరం చరిత్ర చదవమని మనవి. అక్కడి వెదురు అడవులు సుమారు 48 ఏళ్లకొకసారి పూస్తాయి. ఆ గింజలు తిని ఎలుకలు అసంఖ్యాకంగా పెరిగి, గింజలు నిండుకోగానే పంటల మీద పడతాయి. 1959లో అదే జరిగింది. రానున్న కరవు గురించి కొండ ప్రజలు ముందుగా చేసిన హెచ్చరికను అప్పటి అస్సాం ప్రభుత్వం లక్ష్యపెట్టలేదు. కరవు సహాయం కోసం లాల్‌డెంగా నాయకత్వాన ఏర్పడిన సంఘం 1961లో మిజో నేషనల్ ఫ్రంటుగా మారింది. 1966 మార్చిలో సాయుధ తిరుగుబాటు లేచింది. 1986 జూన్ 30న ఒప్పందం కుదిరేవరకు ఆ కొండలకు శాంతి లేదు. ఎలుకలే తిరుగుబాటు తెచ్చాయని నేననడం లేదు. ప్రభుత్వం వాటిని తేలికగా తీసుకోవడం తెచ్చింది.

ఆ నిర్లక్ష్యం ఇప్పటికీ వున్నదనడానికి కొండలదాకా పోనవసరం లేదు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికిన పసికందు మరణించింది. సరిగ్గా పదేళ్లకు, 2025 ఆగస్టు చివర, ఇండోరులోని పెద్దాసుపత్రిలో నవజాత శిశువుల విభాగంలోనే ఇద్దరు శిశువులను ఎలుకలు కొరికాయి, ఇద్దరూ దక్కలేదు. మరణానికి కారణం ఆ కాట్లు కావని ఆసుపత్రివారన్నారు. ఎలుకల నివారణకు అక్కడ ప్రైవేటు సంస్థతో కాంట్రాక్టు వుండనే వుంది. ఆ సంస్థకు లక్ష రూపాయల జరిమానా వేశారు.

ఆసుపత్రిని చెక్క బోనులు ఒక్కటే కాపాడలేవు. పెన్సిలు దూరే రంధ్రంలోంచి చిట్టెలుక దూరుతుంది. ఇనుప పీచు, సిమెంటుతో సందులు పూడ్చడం, రోగుల సహాయకులు తినేందుకు వేరే చోటు చూపడం, చెత్త రాత్రి నిలవ వుంచకపోవడం ముందు జరగాలి. ఇంట్లోనైనా అంతే. పసిపిల్లలున్న చోట బోనును బల్ల కిందకో, రంధ్రం చేసిన అట్టపెట్టెలోకో చేర్చి పెట్టాలి. చచ్చిన ఎలుకను వట్టి చేతితో ముట్టరాదు. ఈ జాగ్రత్తలన్నీ పాటించిన తరువాత కూడా బోను వెల ఒక్క నెల మందు బిళ్లల ఖర్చుకు మించదు. అదే బోను ఏళ్ల తరబడి పనికి వస్తుంది.

ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, రైళ్లలో ఎలుకల నివారణకు గత అయిదేళ్లలో ఎంత ఖర్చయింది, ఎన్ని మాత్రలు వాడారు, ఎన్ని ఎలుకలు పట్టుబడ్డాయి, ఆ మూడవ అంకెను లెక్కించే బాధ్యత ఎవరిది అని మన తెలుగు సభ్యులలో ఎవరైనా లిఖితపూర్వకంగా అడిగితే బాగుండును. నక్షత్ర గుర్తు లేని ప్రశ్న అయినా ఫరవాలేదు. పదిహేను రోజుల ముందు నోటీసు ఇస్తే సరిపోతుంది.