పసిబిడ్డ కాలేయము – పాలు కాచే పాత్ర

రాగిచెంబులో రాత్రి నిలువ ఉంచిన నీటిని ఉదయమున త్రాగే అలవాటు మన ఇండ్లలో మరల ప్రబలుచున్నది. పెద్దల మాట అటుంచి, ఈ మోజును పసిబిడ్డల పాలగిన్నె వరకు కొనిపోరాదన్నది నా దృఢాభిప్రాయము. ఇందుకు బలమైన కారణము గలదు.

ఒకప్పుడు 'లివరు జబ్బు' అన్న మాట వినగానే తల్లుల గుండె జారిపోయేది. ఆరు మాసములు మొదలు నాలుగైదేండ్ల లోపు బిడ్డలకు పొట్ట ఉబ్బి, కాలేయము రాయివలె గట్టిపడి, కామెర్లు, జలోదరము ఏర్పడి, పలువురికి కొద్ది నెలలలోనే ప్రాణము పోయేది. మద్రాసులోని జమ్మి వేంకటరమణయ్యగారి లివర్ క్యూర్ తెలుగువారి ఇంటింటా పేరుపొందినదంటే, ఆనాటి భయము ఎంతటిదో ఊహించుకొనవచ్చును.

ఈ బిడ్డల కాలేయములలో రాగి అపారముగా పేరుకొని యుండుట వైద్యులు గమనించిరి. 1980 దశకములో పూనా వైద్యులును, ఇంగ్లండు పరిశోధకులును కలిసి విచారించగా, వీరిలో అనేకులకు పసితనమునందే తల్లిపాలకు బదులుగా, ఇత్తడి లేక రాగి పాత్రలలో కాచి నిలువచేసిన పశువుల పాలు పట్టినట్లు తేలినది. పాలలోని మాంసకృత్తు పాత్రలోని రాగిని పట్టుకొని బిడ్డ కడుపులోనికి చేర్చును. తల్లిపాలలో రాగి స్వల్పము. వంశలక్షణము కూడ కొంత తోడై ఉండవచ్చును. ఆస్ట్రియా దేశపు టిరోలు ప్రాంతమున 1900–1974 మధ్య ఇట్టి వ్యాధి 138 మంది శిశువులకు సోకినట్లు 1996లో ప్రకటింపబడినది. అక్కడను రాగిపాత్రలు పోయిన పిమ్మట వ్యాధియు పోయినది. మన దేశములో స్టీలు గిన్నెలు వచ్చిన తరువాత ఇది మిక్కిలి అరుదైనది.

కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు, మజ్జిగ ఉంచరాదని మన అమ్మమ్మలు ఎరుగుదురు. పసివాని పాలకును అదే నియమము పాటించవలెను. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చుట అన్నిటికంటె శ్రేష్ఠము.

ఇక రెండవ విషయము. అల్లూరి సీతారామరాజు సమాధి గల కృష్ణదేవిపేట వంటి మన్యపు అంచు గ్రామములకు మూలికలు కొరత కాదు, పెద్దాసుపత్రియే దూరము. కనుక కామెర్లనగానే పసరు పోయించుట, వాతలు పెట్టించుట తేలిక అనిపించును. నేల ఉసిరి హెపటైటిస్ బి వైరసును తొలగించునని 1988లో మద్రాసు పరిశోధకులు ఆశ కలిగించిరి గాని, తరువాతి పరీక్షలలో అది నిలువలేదు. మూలికపై గౌరవము ఉండవలసినదే. అయితే పుట్టిన రెండు వారములు దాటినను కామెర్లు తగ్గక, మలము సుద్దవలె తెల్లగా వచ్చుచున్నచో, పిత్తనాళము మూసుకొని యుండవచ్చును. దానిని ఏ కషాయము తెరువజాలదు. జపాను వైద్యుడు కసాయి రూపొందించిన శస్త్రచికిత్స అరువది దినముల లోపు జరిగినచో ఫలితము మెరుగు. పసరుతో గడిపిన ప్రతి వారము ఆ గడువులో నుండి తరుగును. గడువు మీరినచో తరచు కాలేయమునే మార్చవలసి వచ్చును.

కనుక తల్లులారా! బిడ్డ మలము రంగు చూడుడు. తెల్లబడినచో ఆ దినమే నర్సీపట్నముగాని, విశాఖగాని బయలుదేరుడు. వ్యాధినిబట్టి వైద్యము ఎంచుకొమ్మనుటయే ఆయుర్వేదమునకు నిజమైన సేవ.