ఎడారిలో ఎకరం

భూమిని మించిన ఆస్తి లేదన్న విశ్వాసం మన దేశానికే పరిమితమైనది కాదు. యంత్రనాగరికతకు పరాకాష్ఠ అని మనం భావించే అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సైతం నేడు వేలాదిమంది సామాన్యులు ఒక వింత భూస్వామ్యానికి ఆశపడుతున్నారు. వారు కోరేది పంటపొలం కాదు. నగరంలో ఇంటి స్థలమూ కాదు. కొలరాడో, అరిజోనా, న్యూమెక్సికో, నెవాడా, టెక్సాస్ రాష్ట్రాల ఎడారులలో, విద్యుత్తు తీగ గాని నీటి గొట్టం గాని చేరని చోట, ఒక ఐదెకరాల బీడు. అక్కడ ఒక బండియిల్లు నిలుపుకొని, సూర్యరశ్మితో దీపం వెలిగించుకొని, ఎవరికీ అద్దె చెల్లించకుండా, ఎవరి మోచేతి క్రిందా నీరు త్రాగకుండా బ్రతకాలన్నది వారి ఆకాంక్ష. కొలరాడో దక్షిణ భాగాన ఉన్న సాన్ లూయీస్ లోయలో ఇటువంటి ఐదెకరాల ముక్క ఐదు వేల డాలర్లకు అటూ ఇటూ లభించిన రోజులు ఇటీవలివే. పెద్ద నగరాలలో అద్దె యిళ్లలో కాలం గడిపేవారికి అది రెండు మూడు నెలల అద్దెతో సమానం. ఆ ధర వినగానే ఎవరి మనస్సు చలించదు?

ఈ ఆశకు బలమైన కారణాలే ఉన్నాయి. నగరాలలో ఇంటి అద్దెలు కూలివాని సంపాదన కంటె వేగంగా పెరిగాయి. సౌరఫలకాల ధర 2010 తరువాతి దశాబ్దంలో సుమారు పదో వంతుకు దిగివచ్చింది. 2020 నాటి మహమ్మారి అనేక ఉద్యోగాలను కార్యాలయాల నుండి విడదీసింది. ఆ తరువాత కొద్ది కాలానికే ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఎంతటి మారుమూలకైనా చేరుతున్నది. సంచారజీవుల కథను చెప్పిన ‘నోమాడ్‌లాండ్’ చలనచిత్రం 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ బహుమతి పొందింది. కరెంటు సమస్య తీరింది, వార్తాసంబంధం కుదిరింది. ఇక ఎడారిలో లోటేమున్నది అన్న ప్రశ్న సహజంగానే పుట్టింది.

లోటు ఒక్కటే, అది నీరు. ఈ లోటు క్రొత్తగా కనుగొన్నదీ కాదు. అమెరికా ప్రభుత్వానికి ఇది నూట ఏభై ఏండ్లకు పూర్వమే తెలుసు. 1785 నాటి భూశాసనం ఆ దేశపు నేలను ఆరు మైళ్ల చదరాలుగా గీచి విభజించే పద్ధతిని నెలకొల్పింది. కాగితంపై గీచిన గీత కొండ నెరుగదు, వాగు నెరుగదు. తడి కలిగిన తూర్పు ప్రాంతంలో ఆ పద్ధతి బాగానే సాగింది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ఐదేండ్లు కాపురముండి సేద్యం చేసినవానికి 160 ఎకరాలు ఇచ్చింది. 1877 నాటి ఎడారి భూముల చట్టం ఎకరానికి పాతిక సెంట్లు ముందు చెల్లించి, మూడేండ్లలో నీరు పారించి, మరి ఒక డాలరు కట్టితే 640 ఎకరాలు ఇస్తానన్నది. నీరు ఎక్కడినుండి తేవాలో మాత్రం చట్టం చెప్పలేదు. ఆ మరుసటి ఏడే, కొలరాడో నదిని పడవలలో దిగివచ్చిన జాన్ వెస్లీ పావెల్ ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించి, శుష్కభూములను నీటి ననుసరించి విభజించాలి గాని చదరాలుగా కాదనీ, పశువుల మేపుకే ఒక్కొక్క కుటుంబానికి 2,560 ఎకరాలు అవసరమనీ వివరించాడు. 1893లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన నీటిపారుదల మహాసభలో, ఉన్న నీరు ఈ భూమి అంతటికీ చాలదని ఆయన చెప్పినప్పుడు సభ్యులు గోల చేశారు. భూమి అమ్మేవానికి ఆ మాట రుచించదు, కొనేవానికీ రుచించదు.

ఇరవయ్యవ శతాబ్దంలో ఇదే నాటకం చిన్న రంగస్థలంపై మరల ప్రదర్శితమైంది. 1938 నాటి చిన్న కమతాల చట్టం క్రింద కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో ఐదెకరాల ముక్కలను ప్రభుత్వం పౌరులకు ఇచ్చింది. నిర్ణీత కాలంలో ఒక చిన్న గుడిసె కట్టుకుంటే భూమి వారిది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం లాస్ ఏంజెలెస్ వాసులు వేలాదిగా వచ్చి కట్టుకున్నారు. నీరు మాత్రం బండ్లమీద తెచ్చుకోవలసినదే. కొన్నేండ్లలోనే వారిలో చాలామంది వెళ్లిపోయారు. ట్వెంటీనైన్ పామ్స్ పరిసరాలలో కప్పులెగిరిపోయిన ఆ గదులు నేటికీ వరుసలు వరుసలుగా నిలిచి ఉన్నాయి. 1976లో ఆ చట్టమూ, దానితో పాటు అలాస్కా వెలుపల హోమ్‌స్టెడ్ పద్ధతీ రద్దయ్యాయి.

ప్రభుత్వం విరమించిన వ్యాపారాన్ని అంతకు ముందే ప్రైవేటు వ్యక్తులు అందుకొని ఉన్నారు. నాట్ మెండెల్‌సన్ అనే వ్యక్తి 1958లో మొహావీలో సుమారు 80 వేల ఎకరాలు సంపాదించి, లాస్ ఏంజెలెస్‌కు దీటైన మహానగరం వెలుస్తుందని చెప్పి ముక్కలు అమ్మాడు. కాలిఫోర్నియా సిటీ అనే ఆ పట్టణం నేడు విస్తీర్ణంలో ఆ రాష్ట్రంలో మూడవది. 2020 జనాభా లెక్కలో నివాసులు మాత్రం సుమారు 15 వేలు. ఇళ్లు లేని వీధుల గీతలు ఆకాశం నుండి చూస్తే ముగ్గువలె కనిపిస్తాయి. న్యూమెక్సికోలో ఆమ్రెప్ అనే సంస్థ 1961లో 55 వేల ఎకరాలు కొని, న్యూయార్కు వాసులకు చూడకుండానే అమ్మింది. 1977లో న్యాయస్థానం ఆ సంస్థను మోసం నేరంపై దోషిగా నిర్ణయించింది. అయితే న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. అక్కడ వెలసిన రియో రాంచో నేడు లక్ష దాటిన జనాభా గల నగరం. ఆల్బుకర్కీ నగరం ప్రక్కనే ఉండడం, త్రవ్వితే నీరు పడడం, తరువాత పరిశ్రమ రావడం దానిని నిలబెట్టాయి. కొనుగోలుదారు ఆశ ఫలించినది నేలవల్ల కాదు. నేల చుట్టూ ఉన్నవాటి వల్ల.

ఇట్టి వ్యాపారాలు శ్రుతి మించగా, 1968లో అమెరికా పార్లమెంటు అంతర్రాష్ట్ర భూవిక్రయ చట్టాన్ని చేసింది. పెద్ద ఎత్తున భూమిని ముక్కలు చేసి అమ్మేవారు నీరు, దారి, మురుగు మొదలైన వాస్తవాలను కొనుగోలుదారుకు ముందే వెల్లడించాలని దాని సారాంశం. కాని ఆనాటి ముక్కలు నేడు చిల్లర వ్యాపారానికి చేరాయి. పన్ను కట్టలేక యజమాని వదిలివేసిన ముక్కను కౌంటీ, అంటే అక్కడి జిల్లా, వేలం వేస్తుంది. ఒకడు దానిని కొన్ని వందల డాలర్లకు పాడుకొని, కొన్ని వేలకు వాయిదాలపై మరొకనికి అమ్ముతాడు. వాయిదాలన్నీ తీరేవరకు హక్కు పత్రం అమ్మినవాని దగ్గరే ఉండే పద్ధతి తరచు కనిపిస్తుంది. నడుమ చెల్లింపు ఆగితే కట్టిన సొమ్మూ పోతుంది, భూమీ పోతుంది. ఆ ముక్క మరల అమ్మకానికి వస్తుంది. ఒకే ఐదెకరాలు ఇలా చేతులు మారుతూ, ఒక్క గింజ పండకుండానే ఏటేటా పంట ఇస్తున్నది. ఆ పంట కోసేవాడు అందులో కాపురమున్నవాడు కాదు.

పత్రం చేతికి వచ్చినవాడు మాత్రం ఏమి కొన్నట్లు? దారి హక్కు వేరు. పొరుగువాని నేల దాటనిదే తన ముక్కకు పోలేని యజమానులున్నారు. భూగర్భ ఖనిజాల హక్కు వేరు. అది ఎన్నడో మరొకరి పేర విడిపోయి ఉండవచ్చు. అన్నిటికంటె ముఖ్యం, నీటి హక్కు వేరు. ‘నీరు పల్లమెరుగు’ అని మన సామెత. అమెరికా పడమట నీరు పల్లాన్ని కాదు, పత్రాన్ని ఎరుగుతుంది. ముందు వాడుకొన్నవానిదే ముందు హక్కు అన్నది కొలరాడోలో ధర్మసూత్రం. ముప్పై ఐదెకరాల లోపు కమతంలో ఇంటి బావికి అనుమతి లభించినా, సాధారణంగా ఆ నీరు ఇంటి లోపలి అవసరాలకే. పెరటిలో ఒక మొక్కకు పోయడానికి వీలులేదు. తన కప్పుమీద పడిన వాననీరు పట్టుకొనడానికి సైతం చాలామందికి 2016 వరకు అక్కడ చట్టం సమ్మతించలేదు. ఆ ఏడు సమ్మతించినది రెండు పీపాలకు, మొత్తం 110 గ్యాలన్లకు. అంటే నాలుగు వందల లీటర్లు పైచిలుకు.

ఇక మోసుకొనే నీటి లెక్క చూడవచ్చు. నలుగురు గల కుటుంబం మనిషికి రోజుకు 50 లీటర్లతో సరిపెట్టుకొన్నా, నెలకు ఆరు వేల లీటర్లు. అంటే ఆరు టన్నులు. చిన్న ట్రక్కు ఒక్క విడతలో టన్నుకు మించి మోయలేదు. గోతుల దారిలో నెలకు ఆరుసార్లు పట్టణానికి పోయి రావాలి. ఆ చమురు, ఆ చక్రాలు, ఆ రోజుకూలి ఎవరూ భూమి ధరలో కలపరు. మన అనంతపురం కరువుసీమగా ప్రసిద్ధి. అక్కడి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. సాన్ లూయీస్ లోయ నడుమ కురిసేది అందులో మూడో వంతు. పైగా అది సముద్రమట్టానికి 7,500 అడుగుల ఎత్తున, మన ఉదకమండలం కన్న ఎగువన ఉన్నది. చలికాలంలో తెచ్చిన నీరు పీపాలోనే గడ్డకడుతుంది.

ఇది పేదల కష్టం మాత్రమే అనుకొనరాదు. అరిజోనాలో స్కాట్స్‌డేల్ నగర సరిహద్దు వెలుపల రియో వెర్డీ ఫుట్‌హిల్స్ అనే సంపన్నుల నివాసప్రాంతం ఉన్నది. 1980 నాటి భూగర్భజల చట్టం ప్రకారం అటువంటి ప్రాంతాలలో ఆరు, అంతకు మించిన ముక్కలుగా భూమిని విభజించేవాడు నూరేండ్లకు నీరు చూపాలి. ఐదింటికి ఆ నిబంధన లేదు. కనుక ఐదేసి ముక్కలుగా విభజించి వందలాది ఇళ్లు కట్టారు. వాటిలో అనేకం స్కాట్స్‌డేల్ నుండి ట్యాంకర్లు తెచ్చే నీటిపై ఆధారపడ్డాయి. కొలరాడో నదిలో నీరు తగ్గగా, 2023 జనవరి 1న నగరం ఆ సరఫరా ఆపివేసింది. లక్షల డాలర్ల భవనాలలో వాననీరు పట్టుకొని పాత్రలు కడిగారు. ఆ ఏడే రాష్ట్ర శాసనసభ జోక్యంతో తాత్కాలిక ఏర్పాటు కుదిరింది. ధనికునికి శాసనసభ వరకు దారి ఉన్నది; బండియింటిలో ఉన్నవానికి లేదు.

అతనికి ఎదురయ్యేది కౌంటీ అధికారి. శాశ్వత నివాసానికి మురుగు ట్యాంకు ఉండాలనీ, లేనిచో స్వంత నేలమీదనైనా మకాం వేయడానికి అనుమతి కావాలనీ నిబంధన. ఆ ట్యాంకుకు అయ్యే ఖర్చు తరచు భూమి ధరను మించుతుంది. సాన్ లూయీస్ లోయలోని కోస్టియా కౌంటీలో 2015 ప్రాంతంలో ఈ నిబంధనల అమలుపై అధికారులకూ నివాసులకూ తీవ్రమైన సంఘర్షణ జరిగింది. అమ్మినప్పుడు అడ్డుపడక, పన్ను వసూలులో జాప్యం చేయక, కాపురం పెట్టిన తరువాత వచ్చి పొమ్మనడం ఏమి న్యాయమని నివాసులు అడిగారు. భూగర్భజలం కలుషితమైతే బాధ్యత ఎవరిదని అధికారులు అడిగారు. రెండు ప్రశ్నలూ సమంజసమైనవే. ఈ రెంటికీ జవాబు చెప్పవలసిన మూడవ వ్యక్తి, ముక్కలు చేసి అమ్మినవాడు, ఆ సభలో ఎన్నడూ కనిపించడు.

కొన్నవారంతా అమాయకులనీ, భ్రాంతిలో పడినవారనీ అనడం తొందరపాటు. వారిలో అద్దె కట్టలేక రోడ్డున పడినవారున్నారు. పింఛనుతో గడిపే పాత సైనికులున్నారు. మందికి దూరంగా ప్రశాంతతను కోరినవారున్నారు. టెడ్ కానవర్ అనే రచయిత స్వయంగా ఆ లోయలో నేల కొని, కొన్నేండ్లపాటు వారి నడుమ మసలి, 2022లో ఒక గ్రంథం వెలువరించాడు. చాలీచాలని వసతులలోనైనా ‘ఇది నాది’ అనుకొనగలగడం ఎంత పెద్ద ఊరటో ఆ జీవితాలను చూస్తే తెలుస్తుంది. కాని కేవలం విహారానికై, నెలకు నాలుగు రాత్రులు నక్షత్రాల క్రింద గడపడానికై కొనేవారికి మాత్రం ఒక సత్యం చెప్పవలసి ఉన్నది. ఆ దేశపు భూనిర్వహణ శాఖ అధీనంలో సుమారు 24 కోట్ల 50 లక్షల ఎకరాలు ప్రజల ఉమ్మడి ఆస్తిగా ఉన్నాయి. అందులో అధిక భాగంలో ఎవరైనా పద్నాలుగు రోజులు ఉచితంగా గుడారం వేసుకోవచ్చు. ఉమ్మడిగా తమదే అయిన ఎడారిని విడిచి, ముళ్లకంచె నడుమ ఐదెకరాలకు ఏటేటా పన్ను కట్టడం లాభమో నష్టమో వారే యోచించాలి.

విచిత్రమేమంటే, ఎడారిలో బ్రతకడమెట్లో తెలిపే ఉదాహరణ అదే కోస్టియా కౌంటీలో ఉన్నది. అది మొదట యూట్ జాతి ఆదివాసుల నేల. తరువాత వచ్చిన స్పానిష్ భాషీయులు 1851లో సాన్ లూయీస్ గ్రామాన్ని నెలకొల్పి, మరుసటి ఏడు వాగు నుండి ఒక కాలువ త్రవ్వుకొన్నారు. ‘ప్రజల కాలువ’ అని పేరుగన్న దానికి కొలరాడోలో అవిచ్ఛిన్నంగా వాడుకలో ఉన్న అతి పురాతన జలహక్కు ఉన్నది. ప్రతి కుటుంబానికీ వాగు తగిలేలా పొలాలను చదరాలుగా గాక సన్నని పొడవాటి పట్టీలుగా పంచుకొన్నారు; పైనున్న కొండలో మేతకు, కట్టెలకు అందరికీ సమాన హక్కు. వసంతంలో ఇంటికొకరు వచ్చి కాలువ పూడిక తీయాలి. నీటి వంతులు చూడడానికి ఒక పెద్ద ఉంటాడు. మన రాయలసీమ చెరువుల క్రింద నీరుగంటి చేసినది ఈ పనియే. ఊరంతా కలిసి చెరువు బాగుచేసుకొనే మన కుడిమరామత్తు ఈ ధర్మమే. 1960లో ఆ కొండను కొన్న ఆసామి కంచె వేసి గ్రామస్థులను వెళ్లగొట్టగా, వారు దశాబ్దాలపాటు పోరాడి 2002లో కొలరాడో సుప్రీంకోర్టులో తమ ఉమ్మడి హక్కును తిరిగి గెలుచుకొన్నారు. ఒకే కౌంటీలో, ఒకే ఆకాశం క్రింద, ఒక ప్రక్క నీటితో పంచిన నేల నూట డెబ్బై ఏండ్లుగా పచ్చగా ఉన్నది; మరొక ప్రక్క కాగితంతో పంచిన నేల ఏభై ఏండ్లుగా చేతులు మారుతున్నది.

సుమతీ శతకకారుడు కాపురముండదగిన ఊరికి లక్షణాలు చెప్పుతూ అప్పిచ్చేవానినీ, వైద్యునీ, ఎండిపోని ఏటినీ లెక్కించాడు. ఈ ఎడారి ముక్కలకు ఏరు రాలేదు, వైద్యుడు రాలేదు. వాయిదాల పత్రంతో అప్పిచ్చేవాడు మాత్రం అందరికంటె ముందే వచ్చి కూర్చున్నాడు. నగరం వెళ్లగొట్టిన మనిషికి తల దాచుకొనే చోటు చూపడం ఆ దేశం తీర్చవలసిన బాకీ. ఆ బాకీకి బదులుగా నీరు లేని ఐదెకరాలు చూపి, దానికి స్వాతంత్ర్యమని పేరు పెట్టడం న్యాయం కాదు. నేల చవకగా దొరికినప్పుడు, దానినుండి ముందే తీసివేసినదేమిటని అడగడం కొనేవాని వివేకం. అమ్మకానికి ముందే ఆ జవాబును పత్రంలో వ్రాయించడం ప్రభుత్వపు విధి.