పక్షులను చూడమన్నాడు గదా



మత్తయి సువార్త 6:26 మన సండే స్కూల్ పిల్లలకు కూడా కంఠతా వచ్చు. దిగులుపడే వాళ్లను ఓదార్చడానికి ఆ వచనం చెబుతుంటాం. అందులో ప్రభువు మొదట చెప్పిన పని మాత్రం పక్షులను చూడమని. ఆ మాట దగ్గర ఎవరూ ఆగరు. అందుకే మొన్న శనివారం తెల్లవారుజామున యవ్వనస్థులనూ పిల్లలనూ తీసుకుని దొరవారిసత్రం దగ్గరి నేలపట్టుకు వెళ్లాం.

చెరువు నీళ్లలో కడప చెట్లు, వాటి నిండా గూళ్లు. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు ఒకే చోట కాపురం. వాచ్ టవర్ మీద గంటసేపు నిలబడ్డాం. పెద్ద గూడబాతు ఒకటి వచ్చి వాలగానే పిల్ల తన తలంతా తల్లి గొంతులోకి దూర్చేసింది. "అయ్యగారూ, మింగేస్తోంది!" అని మా చిన్నోడొకడు కేక. వాళ్లక్క వాడి నోరు మూసింది. మింగడం కాదు, మేత పెట్టడం. ఆ చేపల కోసం పులికాట్ దాకా ఎగిరి వెళ్లే పక్షులవి.

తండ్రి వాటిని పోషిస్తున్నాడు, నిజమే. చెరువుతో, చేపతో, చెట్టుతో పోషిస్తున్నాడు. రెట్టలు కలిసిన నీళ్లు పైరుకు బలమని వాటిని కాపాడుకునే ఊరివాళ్ల చేత కూడా పోషిస్తున్నాడు. గూటిమీది తల్లి జోలికి పోవద్దని ద్వితీయోపదేశకాండము 22:6, 7లో ఆజ్ఞే ఉంది. దాని మీద ప్రసంగం వినడం అరుదు.

ఇక అసలు సంగతి. ఈ పక్షులు గూళ్లు కట్టి పిల్లల్ని చేసేది అక్టోబరు నుంచి మార్చి దాకా. క్రిస్మస్, డిసెంబర్ 31 రాత్రి ఆరాధన ఆ నెలల్లోనే వస్తాయి. మన చర్చి వెనక చెరువు కట్ట మీద తుమ్మల్లో కూడా కొంగల గూళ్లున్నాయి. పన్నెండు కొట్టగానే టపాసులు పేలితే పెద్ద పక్షులు బెదిరి లేచిపోతాయి. గుడ్లు, పిల్లలు చలికి, తెల్లారితే కాకులకు.

"అందరూ కాలుస్తారు, మనమే మానాలా?" అంటారు కొందరు. తమిళనాడు శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షుల కేంద్రం పక్క ఊరివాళ్లు ఏళ్ల తరబడి దీపావళికి టపాసులు మానుకున్నారు. పిల్లలున్న ఇళ్లే గదా అవీ. వాళ్లకు ఏ పాస్టరూ ప్రసంగం చేసి చెప్పలేదు.

కాబట్టి ఈ ఏడు టపాసుల చందా ఎత్తవద్దని సంఘ పెద్దలకు చెబుతున్నాం. సౌండ్ బాక్సులు చెరువు వైపు కాకుండా లోపలికి తిప్పాలి. పాటలు ఆపమనడం లేదు, గొంతెత్తి పాడండి. ఒప్పుకోని వాళ్లు ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చోండి, మాట్లాడుకుందాం. వచ్చే ముందు ఒక్కసారి చెరువు కట్ట మీదుగా నడిచి రండి.