మారుపేరు - శైలీగణనము

చెరకు, పాలు, బెల్లము మున్నగువాని తీపులలో భేదమెంతో కలదనియు, దానిని చెప్పుట సరస్వతికైనను శక్యము కాదనియు పలికి, ప్రతికవియందును ఉండు మార్గభేదము అట్టిదేయని దండి కావ్యాదర్శమున నిరూపించెను. ఇప్పుడు కంప్యూటరు ఆ భేదమును అంకెలలో చెప్పబూనుచున్నది.

2013 ఏప్రిల్‌లో రాబర్ట్ గాల్‌బ్రెయిత్ అను పేర 'ది కకూస్ కాలింగ్' అను అపరాధపరిశోధక నవల వెలువడినది. దాని కర్త్రి జె.కె. రౌలింగ్ అని జూలైలో లండను 'సండే టైమ్స్' ప్రకటించినది. అంతకుముందు ఆ పత్రిక పాట్రిక్ జువోలా, పీటర్ మిల్లికన్ అను విద్వాంసులచే ఆ గ్రంథమును పరీక్ష చేయించినది. జువోలా పదముల పొడవును, మిక్కిలి తరచుగా వచ్చు 100 పదములను, జంటపదములను, నాలుగేసి అక్షరముల వరుసలను లెక్కించి, రౌలింగ్ రచించిన 'ది కాజువల్ వేకెన్సీ'తోను, మఱి ముగ్గురు రచయిత్రుల నవలలతోను పోల్చెను. కథాసంవిధానముతో గాని, పాత్రపోషణముతో గాని ఈ లెక్కకు పనిలేదు. ఎవ్వరును గమనింపని చిన్నపదములే ఇచట సాక్షులు. రచయిత బుద్ధిపూర్వకముగా మార్చుకొనుట కష్టమైనవి అవియే కదా!

యుక్తి మెచ్చదగినదే. అయినను, యంత్రము కర్తను కనుగొన్నదనుట అతిశయోక్తి. రౌలింగ్ పేరు గణనకు ముందే రహస్యముగా పత్రికకు చేరియుండెను. నలుగురిలో ఎవరు దగ్గరయని మాత్రమే లెక్క చెప్పినది. ఐదవవారు కర్తయైనను ఆ నలుగురిలో ఒకరినే చూపియుండెడిది. సంశయము తీరినది రచయిత్రి ఒప్పుకొనుటవలననే.

క్రీడాభిరామకర్త శ్రీనాథుడా, వినుకొండ వల్లభరాయడా యను పాతవివాదమును ఈ సాధనముతో తేల్చవచ్చునని ఉత్సాహపడువారుందురు. ఆంగ్లమున చిన్నపదములు విడిగా నిలుచును. తెలుగున విభక్తులు పదములనంటియుండును. సంధి రెండు పదములను ఒకటి చేయును. పదచ్ఛేదము సరిగా జరుగనిదే లెక్కకు అర్థము లేదు. యతిప్రాసలు పదముల ఎన్నికను కొంత కవిచేతినుండి లాగుకొనును. వ్రాయసకాండ్ర పాఠాంతరములు మఱొక చిక్కు. కావున ఇది మొదట వైయాకరణుని పని, పిమ్మటనే యంత్రము పని.

జీవించియున్నవారి విషయము వేఱు. ఇటలీ నవలాకారిణి ఎలెనా ఫెరాంతె రచనలను 2017లో పాదువా విశ్వవిద్యాలయ పండితులు 40 మంది రచయితల 150 నవలలలో చేర్చి పరీక్షింపగా, అవి దొమెనికో స్తార్నోనె శైలికి సన్నిహితములని తేలినది. ఆయన తాను కాదనెను. 2016లో ఒక పత్రికారచయిత ధనపు లెక్కలనుబట్టి ఆయన భార్యయగు అనితా రాజాను చూపియుండెను. దాగదలచినవారిని ఇట్లు వెదకుట విద్యాకార్యమగునా యనునది ఒక ప్రశ్న. దంపతులు ఒకరి వ్రాతనొకరు దిద్దుకొన్నచో యంత్రము లెక్కించినది ఎవరి శైలిని అనునది రెండవ ప్రశ్న. 'బీనాదేవి' యను ఒక్కపేర భార్యాభర్తలు నవలలు వ్రాసిన తెలుగునాట ఈ రెండవది వింతగా తోచదు.